పఠన నియంత్రణాధికారిణి

"విద్యాసంస్థలో ప్రతి చదరపు అడుగూ తన కాళ్ళ మీద తాను నిలబడాలి" అని కాలేజీ వార్షికోత్సవంలో చైర్మన్ త్యాగరాజన్ గారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అడుగుకు కాళ్ళేమిటని ఎవరూ అడగలేదు. అలాంటివి అడిగే ఫిలాసఫీ శాఖను అంతకు ముందు ఏడే మూసేశారు.

ఆ మాట విన్నప్పటి నుంచి లైబ్రేరియన్ నాగకుమారికి గుండెల్లో దడ. యానాం నుంచి ఈ తమిళ ఊరికి వచ్చి, ఉప్పళం పేటలో చిన్న వాటా అద్దెకు తీసుకుని, ఏడాదేడాదికీ కాంట్రాక్టు పొడిగించుకుంటూ బతుకుతున్న మనిషి. కాలేజీలో అన్నేసి చదరపు అడుగులు ఆక్రమించుకుని పైసా సంపాదించకుండా కూర్చున్నది ఆమె లైబ్రరీ ఒక్కటే.

అనుకున్నంతా అయింది. వేసవి సెలవుల్లో లైబ్రరీ కాస్తా 'పుస్తకానుభవ కేఫ్' అయింది. సముద్రం చూడడానికి వచ్చే టూరిస్టులు ఇక్కడ కాఫీ తాగి, పుస్తకాల ముందు ఫొటో దిగి, బిల్లు కట్టి వెళ్ళాలి. బ్రాండింగ్ సలహాదారు ఆర్తి వచ్చి, సబ్జెక్టు ప్రకారం పుస్తకాలు సర్దడం పాతకాలపు అలవాటని తేల్చి, రంగుల ప్రకారం సర్దించింది. ఫ్రెంచి విప్లవమూ, మటన్ వంటకాలూ రెండూ ఎర్ర అట్టలు కావడంతో పక్కపక్కన చేరాయి. ఏ రంగుకూ చెందని మాసిన పుస్తకాలు స్టోర్ రూముకు వెళ్ళాయి. కాలేజీ పెట్టిన మహానుభావుడు, అంటే చైర్మన్ గారి తాతగారు, తన ఇంట్లోంచి తెచ్చి ఇచ్చిన తెలుగు పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి. తాతగారి ఫొటోను మాత్రం కాఫీ మెషీను పైన మంచి వెలుతురులో పెట్టారు.

నాగకుమారిని తీసెయ్యలేదు. హోదా మార్చారు. ఇప్పుడామె 'అతిథి అనుభవ సమన్వయకర్త'. టేబుళ్ళు ఎంత తొందరగా ఖాళీ అయితే ఆమె కాంట్రాక్టు అంత గట్టిదని చెప్పారు.

చిక్కల్లా తుపాను వానలతో వచ్చింది. బయటికి పోలేక జనం చేతికందిన పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టారు. ఆ జబ్బు స్టూడెంట్లకూ సోకింది. నాగకుమారికి కడుపు నిండినట్టయింది. లైబ్రరీలో పేజీ తిప్పిన చప్పుడు విని ఎన్నాళ్ళయిందో! ఆ సంతోషంలో టేబుళ్ళ సంగతే మరిచిపోయింది. చైర్మన్ గారు మరవలేదు.

"ఏందమ్మా ఇది? ఒక్క కాఫీ పెట్టుకొని పొద్దుపోయే దాకా చదవతా ఉండారు. ఇట్లయితే బిజినెస్ యాడ జరుగుతుంది?"

"లైబ్రరీ కదండి..."

"ఆ ఆలోచనే తప్పమ్మా."

మర్నాటికల్లా ఇత్తడి బోర్డు వచ్చింది: 'ఇక్కడ పుస్తకాలు చదవరాదు.' తమిళం, ఇంగ్లీషు, ఫ్రెంచితో పాటు తాతగారి గౌరవార్థం తెలుగులోనూ చెక్కించారు. అది మొదలు అతిథుల చేత పుస్తకాలు మూయించడమే నాగకుమారి ఉద్యోగం. ఒక అమ్మాయి ఇంకో రెండు పేజీలేనని బతిమాలుతున్నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

ఇంతలో కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ దిగింది. కమిటీకి పెద్ద, రాజమండ్రి వైపు ప్రొఫెసర్ ఒకాయన. బోర్డు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశారు. ఆర్తి తొణకలేదు. చదవకపోతే పుస్తకాలు నలగవని, సంరక్షణలో ఇది సరికొత్త విధానమని వివరించింది. సభ్యులు రాసుకున్నారు. పెద్దాయన తాతగారి ఫొటోకు దణ్ణం పెట్టి, ఆయన ఇచ్చిన పుస్తకం ఒకటి చూపించమన్నారు. నాగకుమారి స్టోర్ రూముకు పరిగెత్తి, ఒకటి తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని చైర్మన్ గారి చేతిలో పెట్టారు.

"మనవడి నోట రెండు వాక్యాలు వినిపించండి. ధన్యులమవుతాం."

చైర్మన్ గారికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. తరతరాలుగా ఈ తమిళ నేల మీద స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి రాదు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు, తాతగారి భాషాభిమానం మీద ఏటా ఉపన్యాసం ఇచ్చేవారైతే తప్ప. ఆయన పుస్తకం తెరిచారు. చూశారు. చెమట తుడుచుకున్నారు. చివరికి గంభీరంగా బోర్డు వైపు వేలు చూపించారు.

"రూల్ అంటే రూల్ సార్. నాకైనా ఒకటే."

కమిటీ చలించిపోయింది. క్రమశిక్షణకు పూర్తి మార్కులు పడ్డాయి.

సాయంత్రం అందరూ వెళ్ళాక చైర్మన్ గారు నాగకుమారి దగ్గరికి వచ్చారు. ఆ మార్కులు తెచ్చిన బోర్డును కాపాడుతున్నందుకు ఆమె కాంట్రాక్టు ఐదేళ్ళు పొడిగించామని, ఇకనుంచి ఆమె 'పఠన నియంత్రణాధికారిణి' అని చెప్పారు. చెప్పిన తర్వాత కూడా కదల్లేదు. పుస్తకం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"మా తాత పెన్సిల్‌తో గీతలు గీసినాడు, చూడు. ఏముందో రోజూ రవ్వంత చదివి చెప్తావా? నాకు మాత్రం. గంటకి ఎంత తీసుకుంటావు?"

ఆయన మీద ఆమెకు మొదటిసారి జాలి కలిగింది.

"డబ్బులెందుకండి. మీ తాతగారి పుస్తకమే కదండి, ఊరికే చదివి పెడతానండి."

"ఊరికేనా?" చైర్మన్ గారి మొహం వాడిపోయింది. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కనున్న ఎంగిలి కప్పుల ట్రేలో పెట్టేశారు. "అట్లయితే అందులో ఏమీ ఉండదులేమ్మా."

బయట ఆయన కారు కదిలింది. పఠన నియంత్రణాధికారిణి ట్రేలోంచి పుస్తకం తీసి, అంటిన కాఫీ తుడిచి, బోర్డు కిందనే కుర్చీ వేసుకుని మొదటి పేజీ తెరిచింది.