ముందు వరుస కుర్చీ

శనివారం టిఫిన్ తినేసి, పదకొండింటికల్లా ఉత్తరాల పని తేల్చేయాలనుకుంది లిడియా. ఆకివీడు చర్చి వందేళ్ళ పండుగ పై ఆదివారమే. ఎనిమిది వందల మందికి చేపల పులుసు వండించే భారం స్త్రీల సమాజం కార్యదర్శిగా ఆమె నెత్తిన పడింది. బడిలో కంప్యూటరు పాఠాలు చెప్పే మనిషికి అరవై ఉత్తరాలు చేత్తో రాయడం నామోషీ కదా! సభ్యుల పట్టికను, ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి అందరికీ రాసిపెట్టే మెయిల్ మెర్జ్‌కు తగిలించి, పుట్టిన సంవత్సరం నుంచి వయసు అదే లెక్క కట్టేలా పెట్టింది. అరవై దాటితే, "మీరు శ్రమపడవద్దు, ముందు వరుసలో కుర్చీ వేయిస్తాం" అని రావాలి. దాటకపోతే, "తెల్లవారుజామున అయిదింటికి వంటకు రండి" అని రావాలి. మొదటి నాలుగు ఉత్తరాలు సరిచూసి, మిగతావి అచ్చు తీసి పంచమని చర్చి గుమాస్తా ఏసుకుమార్‌కు అప్పగించింది.

సోమవారం స్టెల్లా ఫోను చేసింది. ఆమె గరిట పట్టకుండా ఆ చర్చిలో ఏ విందూ జరగలేదు.

"ఏవండీ లిడియాగారూ, నాకు కుర్చీ వేయిస్తారంటగా? మా ఇంట్లోనూ ఉన్నాయండీ కుర్చీలు!"

"మీకు కుర్చీ ఏంటండీ?"

"నా వయసు మీకెవరు చెప్పారు? మా తోటికోడలేనా?"

ఫోను ఠక్కున ఆగిపోయింది. సాయంత్రానికి వంట చేయగలిగిన వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఉత్తరం సంగతి ఎత్తకుండా, ఒంట్లో బాగోలేదని చెప్పి వెళ్ళారు. స్టెల్లాకు తోటికోడలి మీద అనుమానం, తోటికోడలికి పాస్టరమ్మగారి మీద అనుమానం. లిడియాకు మాత్రం ఏసుకుమార్ మీదే. క్రిస్మస్‌కు వాడి పాట తీసేయించింది తనేగా! ఆ కక్షతో కవర్లు తారుమారు చేసి ఉంటాడు.

"పేరు చూసే పెట్టానండీ," అన్నాడు ఏసుకుమార్ బిక్కమొహంతో. "మీదీ మాస్టారి చేతికిచ్చానుగదండీ."

లిడియా గబగబా ఇంటికి నడిచింది. భర్త పాపారావు మాస్టారు పేపరులోంచి తల ఎత్తలేదు.

"టీవీ దగ్గర పెట్టాను. నీకూ కుర్చీ వేస్తారట."

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. పట్టిక తెరిచి చూస్తే తన పేరు ఎదుట పుట్టిన సంవత్సరం గడి ఖాళీ. స్టెల్లాదీ ఖాళీయే. సమాజంలో ఆ గడి నింపే అలవాటు ఎవరికీ లేదు. నింపింది తను ఉత్తరాలు సరిచూసిన ఆ మొదటి నలుగురు పెద్దమ్మలే, అదీ పింఛను కోసం. ఖాళీ గడిని సున్నాగా తీసుకున్న కంప్యూటరు, ఈ ఏడాది అంకె రెండు వేల ఇరవై అయిదులోంచి సున్నా తీసేసి, మిగిలినదే అందరి వయసుగా తేల్చింది. వంటకు పిలుపు ఒక్కరికీ వెళ్ళలేదు!

సిగ్గు చంపుకుని స్టెల్లాకు ఫోను చేసింది. "అక్కా, తప్పు నాదే. ఆ గడి నేనూ నింపలేదు. నాకూ కుర్చీయే వచ్చింది."

"మీక్కూడానా! ఎన్నేళ్ళు కట్టిందండీ?"

"రెండు వేల ఇరవై అయిదు."

అవతల పెద్ద నవ్వు. "అయితే యేసయ్య ఈడువాళ్ళమన్నమాట! ఉండండి, మిగతావాళ్ళకి నేను చెప్తాను."

ఆదివారం నాలుగున్నరకే పొయ్యిలు అంటుకున్నాయి. తమని మాత్రమే ముసలివాళ్ళని చేశారా అంటూ ఆ నలుగురు పెద్దమ్మలూ కత్తిపీటలతో దిగారు. ముందు వరుస కుర్చీల్లో మగవాళ్ళు కూర్చున్నారు.

భోజనాలయ్యాక లిడియా కొత్త ఫారాలు పంచింది. ఈసారి ఒక్కరు కూడా గడి ఖాళీగా వదల్లేదు. ఆ లెక్కన స్టెల్లా తన పెద్దకొడుకు కన్నా రెండేళ్ళు చిన్నది.