'మనిషి'లో దూరిన పార్టీ

ఆ ఉదయం జయరాజు అనుకున్న పని చిన్నదే. కమాల్ బాషా ఆఫీసుకు రాకముందే స్వాగతం మెసేజ్ పని పూర్తిచేసి, సుశీలమ్మ మేడంతో 'శభాష్' అనిపించుకోవాలి. ప్రొద్దుటూరులో ఆమె నడిపే కంప్యూటర్ ఆఫీసులో ఆ మాట ఎప్పుడూ కమాల్ బాషాకే దక్కేది. విన్నప్పుడల్లా జయరాజుకు తాగే టీ కూడా చేదయ్యేది.

ఎన్నికల కాలం. ఊరి నాయకుడు చెన్నకేశవులు ఆ ఆఫీసులో తన పార్టీకి, చేరినవాళ్లకు స్వాగతం మెసేజ్ పంపే వెబ్‌సైటు చేయించుకుంటున్నాడు. ఆయనంటే పడని జమ్మలమడుగు ఓబుళప్ప కూడా, ఆ సంగతి తెలియక, అక్కడే చేయించుకుంటున్నాడు. రెండు సైట్లకూ కలిపి కమాల్ బాషా జావా అనే కంప్యూటర్ భాషలో, చేరేవాళ్ల వివరాలు దాచే 'మనిషి' అని ఒకే ఆబ్జెక్టు రాశాడు. అందులో పేరు, ఊరు, ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ లేవు.

"మనిషి మనిషిగానే ఉండాల జయరాజన్నా. వాణ్ని ఏ సైటు ఏం చేసుకుంటాదో అది బయట రాసుకోవాల" అనేవాడు.

ఆ నీతులు వింటే జయరాజుకు ఒళ్లుమంట. పైగా బయట రాయాలంటే మధ్యాహ్నం అవుతుంది. అందుకని మెసేజ్‌ను నేరుగా 'మనిషి' లోపలే రాసేశాడు. పేరు ఎక్కగానే, "చెన్నకేశవులు పార్టీకి స్వాగతం. ఈరోజు మా ఇంటికి భోజనానికి రండి" అని ఆ ఫోనుకు మెసేజ్ పోతుంది. ఇక మేడం వచ్చి చూడటమే మిగిలింది.

కాసేపటికి ఆఫీసులో ఓబుళప్ప మనుషుల పేర్లు ఎక్కించారు. మొదటి పేరు ఓబుళప్పదే. 'మనిషి' రెండు సైట్లకూ ఒకటే కాబట్టి, చెన్నకేశవులు మెసేజ్ ఆయన ఫోనుకే పోయింది.

"ఏందమ్మా! నన్నే వాని పార్టీలో కలుపుతాండారా? వాని ఇంటికాడికే పోతాండాం. ఈరోజు తేలిపోవాల!" అని ఫోన్‌లో ఉరిమాడాయన.

మేడం ముఖం పాలిపోయింది. "ఎవరు రాసినారప్పా ఇది?"

"ఆ 'మనిషి'ని రాసింది కమాల్ బాషానే గదా మేడం" అన్నాడు జయరాజు, తల వంచుకుని.

జీపులు దుమ్ము రేపుకుంటూ ప్రొద్దుటూరు చేరాయి. తన భోజనం పిలుపు అందుకునే పగవాడు బలగంతో సహా తన పార్టీలో చేరడానికి వస్తున్నాడనుకుని చెన్నకేశవులు దండతో ఎదురు పరుగెత్తాడు. ఓబుళప్ప నోరు తెరిచేలోగా మెడలో దండ, భుజాన కండువా పడ్డాయి. ఫొటోలూ తీశారు. ఆయన మనుషులు అప్పటికే బిరియానీ ముందు కూర్చున్నారు. వాళ్లను లేపడం ఆయన తరం కాలేదు.

ఆ ఫొటోలు చూసి సాయంత్రానికి పైవాళ్లు చెన్నకేశవులుకు పార్టీ టికెట్ ఖాయం చేశారు. శాలువా పట్టుకుని నేరుగా ఆఫీసుకు వచ్చాడు.

"యాడమ్మా ఆ మెసేజ్ రాసిన మొనగాడు?"

మేడం కమాల్ బాషాను చూపించింది.

"నేను రాయలే సార్" అన్నాడతను.

"శానా అణకువప్పా నీకు!" అంటూ చెన్నకేశవులు శాలువా కప్పాడు.

జయరాజు ఇక ఆగలేకపోయాడు. "నేనే రాసినా సార్!"

"పొద్దున కమాల్ బాషానే అంటివే! ఇంత కుళ్లు పనికిరాదు జయరాజూ" అంది మేడం.

అలాంటి కోడ్ ఎలా రాయాలో కమాల్ బాషా దగ్గర నేర్చుకోమని మర్నాటి నుంచి జయరాజును కూర్చోబెట్టారు.