సెల్ఫ్ చార్జింగ్

అది ఫిబ్రవరి పదకొండు. ఆ ఉదయం ఆయన రెండు కాల్చిన రొట్టె ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు తిన్నాడు. రెండో గుడ్డు ఒలిచాడు గాని తినలేకపోయాడు. సంతోషం గొంతుదాకా నిండి దానికి చోటు లేకుండా చేసింది. ఆ ఒలిచిన గుడ్డును ఆయన భార్య చాలాకాలం గుర్తుపెట్టుకుంది. కారుకు సంబంధించినంతవరకు ఆయన సుఖపడింది అంతవరకేనని తర్వాత అంటుండేది.

ఆ రోజు పెట్టుకున్న పని చిన్నదే. పొద్దున షోరూముకు వెళ్ళి కొత్త కారు తెచ్చుకోవాలి. సాయంత్రం దాన్ని అపార్ట్‌మెంటు కింద గోడకున్న చార్జింగ్ పాయింటుకు తగిలించాలి. హాయిగా పడుకోవాలి.

ఆయనది బీమా కంపెనీలో ఉద్యోగం. ఇతరుల దరఖాస్తుల్లో తప్పులు పట్టడం అక్కడ ఆయన పని. అపార్ట్‌మెంటులో అందరూ ఆయన్ని రీసెర్చిగారనే పిలిచేవారు. దువ్వెన కొనాలన్నా నాలుగు దుకాణాలు తిరిగి పళ్ళ మధ్య సందు కొలిచే మనిషి. అప్పటికి ఆ తలమీద దువ్వడానికి పెద్దగా ఏమీ మిగల్లేదన్నది వేరే సంగతి. అలాంటివాడు కారు కొనాలనుకుంటే ఊరుకుంటాడా? ఏడాదిపాటు చదివాడు. చివరికి ఒక హైబ్రిడ్ సెడాను మీద మనసు నిలిపాడు. పెద్ద ఆఫీసర్లు వెనకసీట్లో కాళ్ళు చాపుకుని ఫైళ్ళు చూసుకునే రకం కారు అది. పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది.

"హైబ్రిడ్డంటే మొక్కజొన్న విత్తనాలనుకున్నానే," అంది భార్య.

"ఇది సెల్ఫ్ చార్జింగ్ హైబ్రిడ్డు. సెల్ఫ్ అంటే మన చార్జింగు మనమే చేసుకోవడం. సెల్ఫ్ సర్వీసు హోటల్లో మన పళ్ళెం మనమే మోసుకోమూ? అలాగన్నమాట."

"ఈ ఇంట్లో మనమే అంటే నేనేగా. ఇప్పుడే చెప్తున్నా, నా వల్ల కాదు," అందామె.

ఇంజను గురించి, సీట్ల తోలు గురించి, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయన్న దాని గురించి ఆయన చదవనిది లేదు. ఆ సెల్ఫ్ అన్న ఒక్క మాటనే పరిశోధించలేదు. తెలిసిన మాటకు ఎవరు మాత్రం అర్థం వెతుకుతారు?

చిక్కల్లా ఏమిటంటే, ఆ పాయింటు కోసం ఆయన కారు రాకముందే ఒక యుద్ధం గెలిచి ఉన్నాడు. పార్కింగులో ఉన్నది ఒకే ఒక పాయింటు. రాత్రిపూట దాన్ని వాడుకునేది ఎదురు ఫ్లాటులో ఉండే నర్సమ్మ. ఆమెది బుల్లి ఎలక్ట్రిక్ కారు. పక్కన పెద్ద బండి ఆగితే దాని బిడ్డేమో అనిపిస్తుంది. తెల్లవారకముందే ఆసుపత్రికి బయల్దేరాలి కనుక రాత్రి చార్జింగు పెట్టుకునేది. రీసెర్చిగారు మీటింగు పెట్టించి, రంగురంగుల గీతలున్న పటాలు గోడకు అంటించి, పెద్ద బండికి పెద్ద బ్యాటరీ ఉంటుందని, చిన్న బండి ఎక్కడైనా సర్దుకోగలదని గంటసేపు నిరూపించాడు. అపార్ట్‌మెంటు సెక్రటరీ రిటైరైన హెడ్‌మాస్టరు. పటం కనిపిస్తే చాలు, ఆయన నమ్మేస్తాడు. రాత్రి పాయింటు రీసెర్చిగారికని తీర్పిచ్చేశాడు.

"సరే బాబాయిగారూ. చదివినవారు, మీకు తెలియందేముంది," అంది నర్సమ్మ. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేదని ఆయనకు తర్వాత అనిపించింది.

ఆ రోజు షోరూములో కాగితాలు తెమిలి, సాయంత్రానికి కారు వచ్చింది. నల్లగా, నున్నగా, ఎదుటివాడు మొహం చూసుకోవచ్చు. రీసెర్చిగారు పాయింటు తీగ చివరనుండే చార్జింగ్ గన్ను చేతబట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి వంగి తిరిగాడు. మూడోసారి నేలమీద వెల్లకిలా పడుకుని కిందకు తొంగిచూశాడు. పెట్రోలు మూత ఒకటి తప్ప ఎక్కడా ఏమీ లేదు. షోరూముకు ఫోను చేశాడు.

"ఈవేళ బండి తీసుకెళ్ళానమ్మా. దీనికి కన్నం ఎక్కడుంది?"

అవతలి అమ్మాయి కంగారుపడింది. "కన్నమా! కొత్త బండికి అప్పుడే కన్నం పడిందా సార్?"

"పడలేదమ్మా. అదే నా బాధ. చార్జింగుకు కన్నం ఉండాలిగా?"

"చార్జింగుకు కన్నమెందుకు సార్? అది సెల్ఫ్ చార్జింగ్."

"నేనూ అదేగా అంటున్నా. సెల్ఫే. ఇంకెవర్నీ పిలవలేదు. గన్ను పట్టుకుని నేనొక్కణ్ణే నిలబడ్డా."

అమ్మాయి గొంతు మారింది. "ఏ గన్ను సార్?"

"చార్జింగ్ గన్నమ్మా! ఎక్కడ పెట్టాలి?"

"ఎక్కడా పెట్టకండి సార్! బండి నడుస్తున్నప్పుడు, బ్రేకు వేసినప్పుడు బ్యాటరీ దానంతటదే నిండుతుంది. మీరు పెట్రోలు పోయించుకుంటే చాలు."

"మరి సెల్ఫ్ అంటే..."

"బండి సెల్ఫ్ సార్. మీ సెల్ఫ్ కాదు."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. మీటింగులో గోడకు అంటించిన పటాలన్నీ ఒక్కొక్కటిగా వచ్చి చెంపకు అంటుకుంటున్నట్టుంది. ఆ క్షణమే పైకి వెళ్ళి నర్సమ్మ తలుపు తట్టి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. మెట్లు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాయి. కాని ఆ మెట్ల మీంచే సెక్రటరీ దిగివచ్చాడు.

"రీసెర్చిగారూ! మొదటి చార్జింగు కళ్ళారా చూద్దామని వచ్చా. ఏదీ, ఎక్కడ పెడతారు?"

"బండి వేడిగా ఉందండీ. కాస్త చల్లారాలి," అన్నాడు ఆయన.

సెక్రటరీ వెళ్ళేదాకా ఆగి, కారు మీద కవరు కప్పి, గన్నును ఆ కవరు కిందికి తోసి పైకి వెళ్ళిపోయాడు. ఒక్క పూటకే అనుకున్నాడు. అబద్ధం అద్దెకు దిగేటప్పుడు ఒక్క పూటకనే చెబుతుంది.

మర్నాడు భార్య కూరగాయల సంచితో వస్తూ ఆగి చూసింది. "ఏమండీ, బండికేమైనా జ్వరమా? దుప్పటి కప్పి సెలైను పెట్టారు?"

ఆయన ఆమెకు మాత్రం నిజం చెప్పాడు. ఆమె నవ్వలేదు. తల ఊపి స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి విప్పింది. నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి. మొగుడి ఎదుట నవ్వకుండా అంత నీరు వృథా చేసే మనిషి ఉండడం కూడా అదృష్టమే. బయటికి వచ్చి కళ్ళు తుడుచుకుంటూ, "వెళ్ళి ఆ పిల్లకు చెప్పేయండి," అంది.

"రేపు చెప్తా."

ఆ రేపు రాలేదుగాని, సెక్రటరీ మాత్రం రోజూ వచ్చాడు. పాయింటు మీద పచ్చలైటు వెలుగుతుండేది. ఏ బండీ తగిలించలేదు, ఖాళీగా ఉన్నాను అని ఆ లైటుకు అర్థం. సెక్రటరీ దాన్ని 'నిండిపోయింది' అని చదువుకున్నాడు. నెలాఖరుకు పాయింటు మీటరు చూస్తే, ఆ కారు వచ్చినప్పటినుంచి కాలిన కరెంటు సున్నా. మీటరు పాడైందేమోనని మనిషిని పిలిపించాడు. మీటరు నిక్షేపంగా ఉందని తేలింది. అబద్ధం అక్కడ పట్టుబడాలి. పట్టుబడలేదు.

"రీసెర్చిగారూ! మీ బండి కరెంటు తాగకుండానే నిండుతోందండీ! ఏడాది చదివారంటే ఏమో అనుకున్నాం," అంటూ సెక్రటరీ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఆదివారం అందరినీ పిలుస్తున్నా. మీరు మాట్లాడాలి. బండి గురించి నాలుగు ముక్కలు."

అప్పటికి బండిలో పెట్రోలు అడుగంటింది. తెలిసినవాళ్ళు చూస్తారని రీసెర్చిగారు దగ్గర బంకులన్నీ వదిలేసి, ఊరి చివర ఎవరూ రాని బంకుకు వెళ్ళాడు. గొట్టం పెట్టించి కిందకు దిగి అటు చూశాడు. బంకు మూలన చార్జింగ్ పాయింట్లున్నాయి. వాటిముందు వరసలో ఒక బుల్లి కారు. అందులో యూనిఫాం కూడా మార్చుకోని నర్సమ్మ, చెవి దగ్గర ఫోను.

"...అప్పుడు ఏనుగు ఏమందీ? నా తొండానికి జలుబు చేసింది, రుమాలు ఉందా అంది. అమ్మమ్మ తలుపేస్తుంది, పడుకో తల్లీ. నేనొచ్చేసరికి ఆలస్యమవుతుంది... అమ్మమ్మ వేసినా అదే తలుపే... నేనేస్తేనే పడుకుంటావా? అలా అంటే ఎలా రా?"

ఆయన కారు చాటుకు తప్పుకోబోయాడు. అంత పెద్ద కారు ఉండీ దాక్కోవడానికి పనికిరాలేదు. నర్సమ్మ చూడనే చూసింది.

"బాబాయిగారూ! మీరేంటి ఇక్కడ?"

"టైర్లలో గాలి పెట్టిద్దామని," అన్నాడు ఆయన. పక్కన పెట్రోలు గొట్టం గడగడమంటోంది.

ఆమె గొట్టం వంక చూసింది. ఆయన వంక చూసింది. మొహం ఎంత పాలిపోయి ఉందో ఏమో, ఇంకేమీ అడగలేదు. డ్యాష్‌బోర్డులోంచి బిస్కెట్ల పొట్లం తీసి, "తినండి. ఒంట్లో చక్కెర పడిపోయినట్టుంది," అంది.

ఆయన ఒక బిస్కెట్టు తీసుకున్నాడు. ఇంటిదాకా అది నోట్లోనే ఉంది. మింగుడు పడలేదు. ఆ ఇంట్లో పిల్ల తలుపు వంక చూస్తూ పడుకుని ఉంటుంది, తను కవరు కింద ఏమీ లేని చోట చార్జింగు పెట్టుకుంటున్నాడు. ఇంతకాలం తనకు భయం అనుకున్నది భయం కాదని, అది సిగ్గని, అది కూడా చాలా ఆలస్యంగా వచ్చిన సిగ్గని ఆయనకు ఆ దారిలోనే అర్థమైంది.

ఆదివారం పార్కింగులో కుర్చీలు వేశారు. అందరూ వచ్చారు. నర్సమ్మ వెనక వరసలో కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. సెక్రటరీ పొగడ్తలు అయ్యాక రీసెర్చిగారు లేచాడు.

"నన్ను క్షమించండి," అన్నాడు. "నా బండికి చార్జింగు అక్కర్లేదు. అసలు పెట్టడానికి కన్నమే లేదు. ఇన్నాళ్ళూ కవరు కింద గన్ను ఊరికే పెట్టాను. నర్సమ్మ దగ్గర్నుంచి అన్యాయంగా లాక్కున్నా. రాత్రి పాయింటు ఈవేళ్టినుంచి ఆమెకే ఇచ్చేయండి."

అందరూ ఛీ అంటారని ఆయన తల దించుకున్నాడు. ముందుగా సెక్రటరీ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"విన్నారా?" అన్నాడు సెక్రటరీ గద్గదంగా. "ఊరికే ఇస్తే ఆ పిల్ల మొహమాటపడి తీసుకోదని, తన బండికి కన్నమే లేదంటున్నాడీ మహానుభావుడు!"

"అయ్యో, అది కాదండీ! నిజంగానే లేదు!"

"చూశారా, ఇంకా అలాగే అంటున్నారు! ఏడాది పరిశోధన చేసిన మనిషి, చార్జింగు ఎలా పెట్టాలో తెలియకుండా కారు కొంటాడా? చిన్నపిల్లాడైనా నమ్ముతాడా?"

"నేను కొన్నానండీ!" రీసెర్చిగారికి ఏడుపొక్కటే తక్కువ. ఆఖరి ఆశగా వెనక్కి తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు. మొన్న బంకులో నువ్వు నన్ను చూశావా లేదా?"

నర్సమ్మ లేచింది. "చూశానండీ. నిజమే. బాబాయిగారు పెట్రోలు పోయించుకుంటున్నారు."

"అదుగో!" సెక్రటరీ చెయ్యి పైకెత్తాడు. "నర్సమ్మ కోసం కరెంటు మానేసి, మనకు తెలియకుండా ఊరి చివరికి వెళ్ళి పెట్రోలు పోయించుకుంటున్నారు! మీటరులో సున్నా ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందా? కొట్టండి చప్పట్లు!"

చప్పట్లు మోగాయి. నర్సమ్మ కూతురు అందరికంటే గట్టిగా కొట్టింది. రీసెర్చిగారు కుర్చీలో కూలబడ్డాడు. తిట్లకు సిద్ధపడి వచ్చిన మనిషి పొగడ్తలకు ఎలా ఓర్చుకోవాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు. మూడో వరసలో ఆయన భార్య పమిట నోటికడ్డం పెట్టుకుంది. దగ్గర్లో కుళాయి లేదు.

కుర్చీలు తీసేశాక నర్సమ్మ తన బుల్లి కారును పాయింటు ముందుకు తెచ్చి పెట్టింది. ఆయన గన్ను తీసి వినయంగా అందించాడు.

"బంకులో మిమ్మల్ని చూసిన రోజే వచ్చి కవరెత్తి చూశాను బాబాయిగారూ," అంది ఆమె మెల్లగా.

ఆయన నేలవంక చూశాడు. "మరి అందరిముందూ నిలదీయలేదేమమ్మా?"

"ఆదివారం దాకా చూద్దామనుకున్నా. ఎక్కడ నొప్పో రోగే చెప్తే మంచిది. మనం నొక్కితే అరుస్తారు." గన్ను పెట్టింది. పచ్చలైటు నీలంగా మారింది. "మీరు చెప్పకపోతే మాత్రం రేపు నొక్కేదాన్నే."

సాయంకాలానికి నోటీసు బోర్డు మీద ఆయన త్యాగం గురించి సెక్రటరీ రాసిన రెండు వాక్యాలు వెలిశాయి. రెండూ శుద్ధ అబద్ధాలే గాని, ఒక్క అక్షరదోషమూ లేదు. రీసెర్చిగారు అటు చూడకుండా మెట్లెక్కాడు. అన్నం తిన్నాక వీధి తలుపు తీసిపెట్టి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూచున్నాడు. ఎదురింట్లో ఏనుగు జలుబు కథ నడుస్తోంది. ఏనుగుకు రుమాలు దొరికింది. పిల్ల ఏదో గొణిగింది. కాసేపటికి లోపలి గది తలుపును తల్లి మెత్తగా దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది.

"ఎంతసేపలా బార్లా తీసి కూచుంటారు?" భార్య లోపలినుంచి అంది. "దానంతటదే పడుతుందని చూస్తున్నారా?"

ఆ తలుపు సెల్ఫ్ కాదు గనక, ఆయనే లేచి, ఎదురింటి పాప లేవకుండా, చప్పుడు చేయకుండా మూశాడు.