రాజమల్లు గారి జన్మస్థలం

నాయకుడు పుట్టడానికి తల్లి కడుపు ఒక్కటే చాలదు, ఓటర్లకు కనిపించే కిటికీ ఉన్న గది కూడా కావాలి. అడ్వకేట్ రాజమల్లు గారు అలాంటి గదిలో పందొమ్మిది వందల ఎనభై అయిదు ఫిబ్రవరిలో, తమ నలభై నాలుగో ఏట పుట్టారు. అంతకు ముందు ఒకసారి షోలాపూర్‌లో, మేనమామల రెండంతస్తుల ఇంట్లో పుట్టారు గానీ ఆ పుట్టుక ఎలక్షన్‌కు పనికిరాలేదు.

ఆ గది యాదమ్మది. బొంబాయి కామాఠీపురా పదకొండో గల్లీలో, గదికో కుటుంబం అద్దెకుండే చాల్‌లో, మెట్లెక్కాక చివరి ఖోలీ. ఫోరస్ రోడ్డు వైపు కిటికీ ఉన్నది దానికొక్కదానికే. యాదమ్మ అందులో జొన్నరొట్టెలు చేసి, పాలమూరు నుంచి వచ్చిన కూలీలకు అమ్ముకునేది. మొగుడు బక్కయ్య పోయి ఆరేళ్లు. అత్త లక్ష్మవ్వ ఇంకా ముందే పోయింది. అయినా ఖోలీ అద్దె పావతి అత్త పేరునే వస్తోంది. చాల్ యజమాని ప్రతి నెలా ఆ రసీదు ఇస్తూ, "చచ్చిన మనిషికి ఇంకా ఎన్నాళ్లు రాయాలి?" అని గొణిగేవాడు. అతను రాయడం మానేసిన రోజు తాను పెనంతో సహా రోడ్డు మీద ఉంటానని యాదమ్మకు తెలుసు. పావతి మీద తన పేరు పడాలి. ఆమెకు ఇంకే కోరికా లేదు.

ఒక పొద్దున రాజమల్లు గారి కార్యకర్త నర్సింహులు టేపు పట్టుకొని వచ్చి, కిటికీ కొలిచాడు.

"యాదమ్మక్కా, మన వకీల్ సాబ్ ఈ ఖోలీలనే పుట్టిండు."

"ఎప్పుడు?"

"రాత్రి మీటింగుల తేలింది."

యాదమ్మ రొట్టె తిరగేసింది. "వాళ్ల నాయన గుత్తేదారు గద. మా మామ ఆయన కిందనే తట్ట మోసిండు. గుత్తేదారు పెండ్లాం మా ఖోలీల వచ్చి ఎందుకు కంటదిరా?"

"పని చూడనీకి వచ్చింది, నొప్పులొచ్చినయ్. మీ అత్త పురుడు పోసింది. కాదనేటందుకు మీ అత్త ఉన్నదా? లేదు గద." నర్సింహులు గొంతు తగ్గించాడు. "సాబ్ గెలిస్తే పావతి నీ పేరు మీదికి వస్తది. వకీలు గద, ఆయనకది ఒక కాయిదం పని."

యాదమ్మ ఒప్పుకుంది. రాజమల్లు గారు పద్దెనిమిదేళ్లు చాల్‌ల వాళ్ల కేసులు వాదించిన మనిషి. ఆ కేసుల్లో కొందరికి ఖోలీ పోయింది, కొందరికి కేసు మిగిలింది, ఆయనకు మాత్రం పేరొచ్చింది.

ప్రచారం మొదలైంది. మొదటి మీటింగులో లక్ష్మవ్వ రాజమల్లు గారికి పురుడు పోసింది. మూడో మీటింగుకు పాలిచ్చింది. నాగ్‌పాడా మీటింగుకు వచ్చేసరికి, "నా తల్లి లక్ష్మవ్వ!" అని ఆయన మైకు పట్టుకొని ఏడ్చారు. తల్లి ఖాయమయ్యాక తల్లి కోడలు వదినె అవుతుంది కాబట్టి, యాదమ్మను స్టేజీ ఎక్కించి, "మా వదినె చేతి రొట్టె తిని పెరిగినోణ్ని," అన్నారు. ఆమె ఆయనకంటే నాలుగేళ్లు చిన్నది. జనం చప్పట్లు కొట్టారు.

ఆయన గెలిచారు. ఖోలీ గుమ్మం పక్కన పాలరాతి పలక వెలిసింది. లోపల అటక కింద, నాయకుడు భూమి మీద పడ్డ చోట, నర్సింహులు ఎర్ర తాడు కట్టాడు. అది యాదమ్మ పడుకునే చోటు. ఆమె గడప దగ్గరికి మారింది. బడిపిల్లల్ని వరసగా తెచ్చి తాడు చుట్టూ తిప్పేవారు. ఎండు బొంబిల్ చేపలు వేయించడం బంద్ అయింది. జన్మస్థలంలో ఆ వాసన రాకూడదట.

"నర్సింహులూ, నా పావతి?"

"సాబ్ అసెంబ్లీల పేదల ఇండ్ల గురించి మాట్లాడుతున్నడక్కా. ఇప్పుడు ఇండ్ల సంగతి చూసే టైం యాడిది?"

మూడేళ్లు అలాగే మాట్లాడాక రాజమల్లు గారికి ఒక సత్యం తోచింది. ప్రజలకు సేవ చేస్తే వాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు. ప్రజల డిపాజిట్లకు సేవ చేస్తే అవి నోరెత్తవు. ఎమ్మెల్యే పదవి చేతిలో ఉంచుకొనే ఆయన భాగ్యోదయ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే కంపెనీకి మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. ఆ కంపెనీ మొట్టమొదట కొన్నది పదకొండో గల్లీ చాల్‌నే. దాన్ని పడగొట్టి పదహారు అంతస్తులు లేపుతారు. ఎవరి పేరున పావతి ఉంటే వాళ్లకు కొత్త బిల్డింగులో గది. లేనివాళ్లకు నమస్కారం.

యాదమ్మ ఆయన ఆఫీసుకు వెళ్లి, మధ్యాహ్నం దాకా కూర్చుంటే లోపలికి పిలిచారు.

"చూడు బాయీ," అన్నారు రాజమల్లు గారు. ఆఫీసులో వదినె ఉండదు. "పావతి లక్ష్మవ్వ పేరున ఉంది. నువ్వు ఆమె కోడలివని రుజువేముంది?"

"నువ్వే మైకుల చెప్పినవు గద సాబ్, వదినె అని."

"అది ప్రసంగం. కాయితం కావాలి."

"పెండ్లి చేసిన అయ్యగారు సచ్చిపోయిండు. పెండ్లికొడుకు సచ్చిపోయిండు. నేనొక్కదాన్నే మిగిలిన."

"నీ మాట సాక్ష్యానికి పనికిరాదు బాయీ. నువ్వు లాభం పొందే పార్టీవి."

యాదమ్మ చాల్‌కు తిరిగొచ్చింది. అప్పటికే సగం ఖోలీలు మూటలు కడుతున్నాయి. పక్కింటి రత్నాబాయి తన గుమ్మంలో నిలబడి అడిగింది. "యాదమ్మా, మీ పెద్దల గురిగి ఎవరు మోస్తరు?"

ఆ చాల్‌లో ప్రతి ఇంటి అటక మీదా పసుపుగుడ్డ కట్టిన చిన్న మట్టికుండ ఒకటి ఉంటుంది. ఆ ఇంట్లో పోయినవాళ్లందరూ అందులో ఉంటారు. ఇల్లు మారితే ముందు ఆ గురిగి కదలాలి. కొడుకు నెత్తిన పెట్టుకొని మోయాలి, తన ఇంట్లోనే దించాలి. వెనకే కోడలు పోయి దీపం పెట్టాలి. దాన్ని దారిలో దించినవాడి ఇంట మళ్లీ పొయ్యి వెలగదని వాళ్ల భయం.

"మా ఆయన లేకపాయె, పిల్లలు లేకపాయిరి," అంది యాదమ్మ. తర్వాత పాలరాతి పలక వైపు చూసింది. "కొడుకు ఉన్నడు గద."

భూమిపూజ రోజు గల్లీలో షామియానా వేశారు. పేపర్ల వాళ్లు వచ్చారు. "నా తల్లి ఖోలీని కూడా మీ అభివృద్ధి కోసం త్యాగం చేస్తున్నాను," అని రాజమల్లు గారు కళ్లు తుడుచుకుంటుండగా యాదమ్మ గురిగితో స్టేజీ ఎక్కింది.

"మరిదీ, అమ్మను ఎత్తుకో."

ఆయన ముందు కెమెరాల వైపు, తర్వాత గురిగి వైపు చూశారు. మంచి ఫోటో. వంగి, నెత్తిన పెట్టుకున్నారు. డప్పులు మోగాయి, ముసలివాళ్లు దండం పెట్టారు. నాలుగడుగులేసి ఆయన కిందికి దించబోతే రత్నాబాయి అడ్డం వచ్చింది.

"అయ్యో, దించుతరా ఎక్కడన్నా? నీ ఇంట్లనే దించాలె."

వెనక కెమెరాలున్నాయి. మోయక తప్పింది కాదు. కారులో గురిగి తగలకుండా మెడ వంచి కూర్చున్నారు. పక్కన పెనం ఒళ్లో పెట్టుకొని యాదమ్మ, ముందు సీట్లో నర్సింహులు, వెనక జీపులో పేపర్ల వాళ్లు. వర్లీలో సముద్రం ఎదురుగా ఉన్న ఫ్లాటుకు చేరారు.

తలుపు తీసింది డెబ్బై ఏళ్ల తారాబాయి. రాజమల్లు గారిని షోలాపూర్‌లో కన్న తల్లి.

"నెత్తి మీద ఏందిరా?"

యాదమ్మే చెప్పింది. "మా అత్త లక్ష్మవ్వమ్మా. ఈయన తల్లి."

"వీని తల్లిని నేను."

"మీరు బతికే ఉన్నరా?" యాదమ్మ నిజంగానే తెల్లబోయింది. "మీటింగుల మాకట్ల చెప్పలేదు."

తారాబాయి గుమ్మానికి అడ్డంగా చేతులు చాచింది. "నేను బతికుండంగ తల్లి గురిగి మోసినవా? మూడు దినాలు నొప్పులు పడితిని కదరా నిన్ను కననీకి."

"అమ్మా, మెల్లగ. పేపరోళ్లున్నరు."

"ఉండనీ. వాళ్లకే చెప్త."

"నర్సింహులూ, ఇది పట్టు."

నర్సింహులు రెండు మెట్లు దిగాడు. "నాకు అమ్మ ఉంది సాబ్."

లోపలికి పోనివ్వరు, కింద దించనివ్వరు. రాజమల్లు గారి చెవుల పక్క నుంచి చెమట కారుతోంది. యాదమ్మ నిదానంగా అంది, "నాకో ఇల్లుంటే నేనే తీస్కపోతుంటి సాబ్. గురిగి దిగనీకి జాగా కావాలె."

నర్సింహులు సంచిలోంచి కంపెనీ కాయితం, స్టాంపు బయటికి వచ్చాయి. ఒక చేత్తో గురిగి పట్టుకొని, గోడకు కాయితం ఆనించి రాజమల్లు గారు రాశారు. కొత్త బిల్డింగులో ఒక గది, అది లేచేదాకా ఉండటానికి నాగ్‌పాడాలో ఒక ఖోలీ.

"బక్కయ్య పెండ్లాం, లక్ష్మవ్వ కోడలు యాదమ్మకు అని రాయి," అంది తారాబాయి.

"రుజువు..."

"వాళ్ల పెండ్లికి మీ నాయన బియ్యం పంపిండు, నేను కొలిచిచ్చిన. ఇంకేం రుజువురా? కింద ఇంకో మాట రాయి. నేను తారాబాయి కొడుకును, షోలాపూర్‌ల పుట్టిన అని."

"ఈ కాయితానికి అది అవసరం లేదమ్మా."

"అవసరం నాది."

రాశారు. స్టాంపు వేశారు. యాదమ్మ కాయితాన్ని మడిచి నడుముకు దోపుకుంది. మరిదీ అనలేదు. "దింపు, వకీల్ సాబ్," అని గురిగిని తన నెత్తికెత్తుకొని మెట్లు దిగసాగింది.

పేపర్ల వాళ్లలో ఒకడు నోటుబుక్కు తెరిచాడు. "సాబ్, ఇంతకీ మీరు ఎక్కడ పుట్టినట్టు రాసుకోమంటారు?"

రాజమల్లు గారు గుమ్మంలో ఉన్న తల్లిని, మెట్లు దిగుతున్న కాయితాన్ని చూశారు. కోటు సర్దుకున్నారు.

"ఆ విషయం పరిశీలనలో ఉంది," అన్నారు.