గోడెక్కిన అర్జీలు

మా సాంస్కృతిక శాఖ మంత్రిగారు కళను ఉద్ధరించడానికి సముద్రతీర నగరానికి బయలుదేరుతున్నారని బుధవారం ప్రకటన వెలువడింది. ప్రపంచం నలుమూలల నుంచి మూడు వందల మంది కళాకారులు అప్పటికే అక్కడి ప్రదర్శనకు చేరుకున్నా, మంత్రిగారు వెళ్లేదాకా కళకు మోక్షం లేదని అందులో స్పష్టంగా ఉంది. ఆ ప్రకటన రాసింది నేనే కాబట్టి పొరపాటుకు తావు లేదు.

మంత్రిగారి పేషీలో నాది అర్జీల సీటు. జనం ఇచ్చిన అర్జీని ఆయన రెండు చేతులా అందుకుంటారు, మొదటి లైను చదువుతారు, "అయ్యయ్యో" అంటారు, ఆకుపచ్చ సిరాతో "చూడవలెను" అని రాసి కుడివైపు అందిస్తారు. ఆ కుడివైపు ఉండేవాణ్ణి నేను. సంచిలో వేస్తాను. సంచి నిండితే బీరువాలో సర్దుతాను. పదకొండేళ్లలో ఒక్క కాగితం కూడా ఆ బీరువా దాటి పోలేదు.

ఈసారి ప్రయాణంలో నాకూ ఒక పని ఉంది. ఆ నగరం బీచిలో మా బావమరిది లైఫ్‌గార్డు. పోయినేడు ఇద్దరు ఒకేసారి మునిగిపోతుంటే ఈదుకుంటూ వెళ్లి ఒకతన్ని ఒడ్డుకు తెచ్చాడు. రెండో అతని కోసం తిరిగి వెళ్లేసరికి అక్కడ నీళ్లే ఉన్నాయి. అప్పటినుంచి వాడికి తిండి సయించడం లేదు. ఒక మోటారు పడవ ఇప్పించమని ఆరు అర్జీలు పెట్టాడు. ఆరూ నా బీరువాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"ఈసారి మా తమ్ముడికి పడవ రాకపోతే మీరు ఆ బీరువాలోనే కాపురం పెట్టుకోండి" అని మా ఆవిడ బ్యాగు సర్దుతూ చెప్పింది.

నగరంలో ఎక్కడ చూసినా కళే. ఒక హాల్లో ఒకావిడ కరిగిపోతున్న ఐసు దిమ్మను మూడు రోజులుగా కదలకుండా చూస్తూ కూర్చుంది. మంత్రిగారు చలించిపోయి "మీది ఏ శాఖమ్మా?" అని ఆప్యాయంగా పలకరించారు.

మా ప్రభుత్వానికి కేటాయించిన హాల్లో మాత్రం నాలుగు తెల్లగోడలూ ఒక బల్లా తప్ప ఏమీ లేవు. మేము పంపిన బొమ్మల పెట్టెలు ఇంకో ఊరికి వెళ్లిపోయాయట. ప్రారంభోత్సవానికి రెండు గంటలే ఉంది.

"గోడలు ఖాళీగా కనబడితే ప్రతిపక్షం ఫొటో తీస్తుంది" అన్నాడు మంత్రిగారి పి.ఎ. అతను ఎంత కష్టంలోనూ తల పట్టుకోడు. బయటికి తొంగి చూశాడు. మంత్రి వస్తున్నాడంటే జనం అర్జీలతో వరస కట్టడం మామూలే. రెండు వందల మంది దాకా ఉన్నారు. "వాళ్లను లోపలికి పంపండి. ఇచ్చిన కాగితాలు ఇచ్చినట్టే గోడకు అంటించేద్దాం. ప్రజాస్పందన అని బోర్డు పెడదాం."

బల్ల కనబడగానే మంత్రిగారు కూర్చున్నారు. చేతులు వాటంతటవే ముందుకు చాచుకున్నాయి. కెమెరాలు తిరుగుతున్నప్పుడు ఆయన కలానికి ధారాళత వస్తుందని నాకు తెలుసు. సరిగ్గా టీవీవాళ్లు దగ్గరికి రాగానే మా బావమరిదిని ఏడో అర్జీతో ముందుకు తోశాను. మంత్రిగారు కెమెరా వంక చూస్తూ "వెంటనే మంజూరు" అని రాసేశారు. పదకొండేళ్లలో ఆ మాటకు స్పెల్లింగు ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూశాను.

వరండాలోకి పరుగెత్తి ఓడరేవు ఆఫీసుకు ఫోను చేశాను. "పడవ షెడ్డులోనే ఉందండీ. ఆ అసలు కాగితం తెచ్చి సాయంత్రం ఐదులోపు తీసుకుపొండి. జిరాక్సు చెల్లదు" అన్నారు. మా బావమరిది "బావా!" అని నన్ను కావలించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అంత సంతోషం నా సీటులో ఎప్పుడూ దొరకలేదు.

లోపలికి వచ్చేసరికి మా కాగితం మిగతావాటితో పాటు గోడెక్కి ఉంది. దాని ముందు ప్రదర్శన పెద్ద క్యూరేటరమ్మ నిలబడి ఉంది. ఏది కళో ఏది కాదో తేల్చేది ఆవిడే.

"ఇది ఎవరి కృషి?" అంది.

"మంత్రిగారిదేనండీ" అన్నాడు పి.ఎ.

"ఎన్నాళ్లుగా చేస్తున్నారు?"

"పదకొండేళ్లుగా. ఆదివారాలు కూడా."

"ఈ అర్జీల్లో ఇప్పటిదాకా ఎన్ని తీర్చారు?"

పి.ఎ. నా వంక చూశాడు. నేను డ్యూటీలో అబద్ధం చెప్పను. "ఒక్కటీ లేదండీ."

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒక్కటీ లేదా! ఎంత నిష్ఠ!" అంది. తర్వాత మా కాగితం దగ్గర ఆగి కళ్లు చిట్లించింది. "దీని మీద మంజూరు అని ఉందే?"

"రాయడం వేరు, ఇవ్వడం వేరు కదండీ" అన్నాడు పి.ఎ. వినయంగా.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. గంటలో మా హాలుకు మొదటి బహుమతి ప్రకటించారు. ఒక పెద్ద మ్యూజియం మొత్తం గోడను తీసుకుంటానంది. షరతు ఒకటే. ఇందులోని ఏ కోరికా ఎప్పటికీ తీరకూడదు, ఒక్కటి తీరినా కళాకృతి చెల్లదు. మంత్రిగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"ఆ విషయంలో మా ప్రభుత్వం తరఫున హామీ ఇస్తున్నాను."

చప్పట్లు మారుమోగాయి. ఆయన హామీలు వందల కొద్దీ విన్నాను గానీ, నెరవేరుతుందని నేను నమ్మింది అదొక్కటే.

నాలుగున్నర అయింది. గోడకు అడ్డంగా తాడు కట్టేశారు. "సార్, మా వాడి కాగితం..." అన్నాను.

"అది ఇప్పుడు కాగితం కాదు" అన్నాడు పి.ఎ.

"పోనీ ఇంకోటి రాయించుకొస్తాను, సంతకం పెట్టండి సార్."

మంత్రిగారు నొచ్చుకున్నారు. "మాట ఇచ్చాక తప్పమంటావేమయ్యా?"

మా బావమరిది ఇదంతా విన్నాడు. తాడు దాటి వెళ్లి తన కాగితం పట్టుకుని లాగాడు. మూల చిరిగింది. చుట్టూ ఉన్నవాళ్లు ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని నిలబడి చప్పట్లు కొట్టారు. కాపలావాళ్లు వాణ్ణి రెక్కలు విరిచి పట్టుకుంటే ఇంకా గట్టిగా కొట్టారు. సాంస్కృతిక సంపదను ధ్వంసం చేసినందుకు కేసు పెట్టారు. "కళాకారుడిగా అతన్ని క్షమిస్తున్నాను. మంత్రిగా క్షమించలేను" అని మంత్రిగారు విలేఖరులతో అన్నారు. కాగితాన్ని మళ్లీ గోడకు అంటించారు. చిరుగు వల్ల లోతు పెరిగిందని క్యూరేటరమ్మ అభిప్రాయపడింది.

మర్నాడు పొద్దున మంత్రిగారు బీచికి వాహ్యాళికి వచ్చారు. మా బావమరిది కూర్చునే ఎత్తు కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరో దాని చుట్టూ కూడా తాడు కట్టి, పక్కన ప్రదర్శనలో బొమ్మలకు పెట్టేలాంటి చిన్న తెల్లకార్డు పెట్టారు. మంత్రిగారు ఆ కార్డు పక్కన నిలబడి నవ్వారు. పి.ఎ. కెమెరా నా చేతికిచ్చాడు.

"కుర్చీ మొత్తం ఫొటోలో పడాలి. వెనక్కి వెళ్లు."

వెళ్లాను. మోకాళ్ల దాకా నీళ్లు వచ్చాయి.

"పైన గొడుగు పడట్లేదు. ఇంకా వెనక్కి."

నడుము దాకా వచ్చాయి. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. వెనకనుంచి ఒక అల వచ్చి భుజాలు తడిపింది.

"ఇంకొంచెం వెళ్లవయ్యా!"

"సార్, నాకు ఈత రాదండీ!" అని అరిచాను.

మంత్రిగారు నా వైపు రెండు చేతులూ చాచారు.

"అయ్యయ్యో! రాసివ్వు, చూద్దాం."