అందరికీ ఒకే పిలుపు

మా కొండ ఊరి పశువుల సంత ఈ ఏడు కనీవినీ ఎరుగని రీతిలో జయప్రదమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పశువు ఒక్కటీ అమ్ముడుపోలేదు. అమ్ముదామంటే దొరకలేదు కూడా. ఈ చిన్న లోపం తప్పిస్తే అన్నీ అనుకున్నట్టే జరిగాయి. సంత కమిటీ తరఫున మైకు పట్టుకునేది నేనే కనుక నా మాటను అధికారికంగానే తీసుకోవచ్చు.

పాత పద్ధతి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. మాది నిట్టనిలువు ఊరు. పశువును తాడు కట్టి లాక్కొస్తామంటే కుదరదు, లాగేవాడూ లాగించుకునేదీ కలిసే లోయలోకి పోతారు. అందుకని ఇంటింటికీ ఒక పిలుపు ఉండేది. మాటల్లేని పాట. పొద్దువాలే వేళ వాకిట్లో నిలబడి అందుకుంటే, మంచులో ఎక్కడున్నా ఆ ఇంటి పశువులు దిగి వచ్చేవి. పశువును అమ్మితే పిలుపు కూడా నేర్పి పంపాలి. కొన్నవాడు గోడ చాటున నిలబడి పాడాలి, వాలు మీద మేస్తున్నది వచ్చి అతని దగ్గర ఆగాలి, అప్పుడే పలుపుతాడు అతని చేతికిచ్చేవారు. బేరం ఇట్టే తెమిలేది గానీ పాట ఒక పట్టాన తెమిలేది కాదు. సంత నిండా బొంగురుపోయిన గొంతులు, ఒకరి పాటకు ఇంకొకరి పాట అడ్డం, నానా గోల. దీన్ని జానపద సంగీతమని ఎవరూ అనేవారు కాదు. అనడానికి అప్పట్లో కమిటీ లేదు.

కమిటీ అధ్యక్షులవారు బుద్ధెరిగిన నాటి నుంచీ ఒక పశువును కొనాలని ప్రయత్నిస్తున్నారు. ఆయన గొంతెత్తితే వస్తున్నది కూడా ఆగిపోయేది. ఒకసారి మేకపిల్ల కోసం పాడితే గొర్రెలమంద మొత్తం అవతలి కొండెక్కింది. ఊరు కడుపుబ్బ నవ్వింది. ఇంత అనుభవం మరెవరికీ లేదు కనుక సంతను సంస్కరించే పని ఆయన చేతిలోనే పెట్టాం.

"ఏమిటండీ ఈ అరాచకం?" అన్నారు ఆయన మొదటి సమావేశంలోనే బల్ల గుద్ది. "కొండ ఒకటే, గడ్డి ఒకటే, పాట మాత్రం ఇంటికొకటా? ఇకమీదట అందరికీ ఒకే పిలుపు! ఎవరు పిలిచినా ఏ పశువైనా రావాలి. అదీ ప్రగతి!"

చప్పట్లు కొట్టాం. ఎవరు పిలిచినా వస్తే దొంగ పిలిచినా వస్తుంది కదా అని మా అత్తగారు ఒక్కావిడ అడిగింది. ఆవిడను కూర్చోమన్నాం.

మా అత్తగారంటే మా ఆవిడ తల్లి. ఆవిడకు ఒక బూడిదరంగు ఆవు. వంటింటి వెనక తలుపు తీస్తే దాని మూతి లోపలికొస్తుంది, అంత దగ్గర కాపురం. ఆవుతో మాట్లాడే మాటల్లో పదోవంతు కూడా నాతో మాట్లాడదు, ఆవిడ మర్యాద అలాంటిది. మోకాళ్లు పట్టేసి కొండెక్కలేక ఆ ఆవును గుట్ట అవతలి పాలాయనకు ఇద్దామనుకుంది. ఒకటే బెంగ. పిలుపు రాని చేతిలో పడితే మంచులో దారి తప్పి లోయలో పడి చస్తుందని. అందుకని పాలాయనను ముందుగానే పిలిపించి, పొయ్యి పక్కన పీట వేసి పాట నేర్పడం మొదలుపెట్టింది. మొదటి సగం బాగా పట్టుబడింది. రెండో సగం ఎత్తుకోబోతుండగా, సంత అయ్యేదాకా ఇంటి పిలుపులన్నీ నిషిద్ధమని మైకులో ప్రకటన వినిపించింది. ప్రకటించింది నేనే. పాలాయన సగం పాటతో గుట్ట దిగి ఇంటికి పోయాడు.

నగరం నుంచి సంగీత నిపుణుణ్ణి రప్పించాం. ఆయన ఇల్లిల్లూ తిరిగి అన్ని పిలుపులూ కళ్లు మూసుకుని విని, వాటి సగటు తీశాడు. ఆ సగటుకు అధ్యక్షులవారు స్వయంగా మాటలు రాశారు. "రారండి రారండి, కమిటీ పిలిచింది, కదలి రారండి" అని. పశువులను 'మీరు' అనడం మా ఊరి సంస్కారం.

బడి కప్పు మీద, నీళ్ల కుళాయి దగ్గర, బస్సు ఆగే చోట లౌడ్‌స్పీకర్లు కట్టాం. నీళ్లు వదిలితే గీతం, బస్సు వస్తే గీతం, ప్రకటనకు ముందు గీతం, వెనక గీతం. పశువులను మాత్రం దొడ్లలోనే కట్టి మేత వేశాం, పాత అలవాట్లు మరిచిపోతాయని. కొన్నాళ్లకు ఆడవాళ్లు పోపు వేస్తూ అదే కూనిరాగం, ఉయ్యాల ఊపుతూ అదే. గీతం వినపడగానే చేతిలో పని వదిలి జనం బయటికొచ్చి వరుసలో నిలబడేవారు. ఎందుకొచ్చామో తరువాత కనుక్కునేవారు.

బృందగానానికి మా అత్తగారిని నాయకురాలిగా నిపుణుడే ఎంపిక చేశాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

"అత్తయ్యగారూ, నా పరువు కాస్త చూడండి," అన్నాను.

"పిలవడానికి ఆవు లేని పాట ఎందుకు అల్లుడుగారూ?" అంది. కానీ కూతురి మొహం చూసి వచ్చింది. రోజూ పాడించాం. 'జానపద శిరోమణి' అని పట్టుశాలువా కూడా కప్పాం. దాన్ని ఆవు మీద కప్పిందని తెలిసి కమిటీ చాలా బాధపడింది.

సంత రానే వచ్చింది. అతిథులకు వాసన పడదని పశువులను దూరంగా కంచె అవతల ఉంచి, వేదిక మీద కర్ర ఆవును నిలబెట్టాం. ఉత్తమ పశువు బహుమతి న్యాయనిర్ణేతలు ఏకగ్రీవంగా దానికే ఇచ్చారు. అంత క్రమశిక్షణ మరే పశువులోనూ కనపడలేదట. జనం మెడల్లో బిళ్లలు, పశువుల చెవులకు బిళ్లలు, అన్నీ ఒకే రంగు. చూడముచ్చటగా ఉంది.

అధ్యక్షులవారు మైకు అందుకోగానే లౌడ్‌స్పీకర్ కీచుమంది. పశువులు కంచె విరగదొక్కుకుని కొండెక్కేశాయి. పైనుంచి మంచు దిగడం మొదలైంది.

"కంగారేం లేదు!" అన్నారాయన. "గీతం వెయ్యండి!"

గీతం మోగింది. ఒక్క పశువూ తల తిప్పలేదు. ఇళ్లల్లోంచి మాత్రం మిగిలిన జనం వచ్చేశారు. మంచం పట్టినవాళ్లు కూడా గోడ పట్టుకుని వచ్చారు. అందరూ వేదిక ముందు తలలు వంచుకుని బారులు తీరారు. జన్మలో మొదటిసారి తన పిలుపుకు ఏదో ఒకటి వచ్చిందని అధ్యక్షులవారు కళ్లనీళ్లు పెట్టుకుంటే నాకూ గుండె కరిగింది.

మా అత్తగారు విరిగిన కంచె దగ్గరికి వెళ్లి నిలబడింది. బూడిదావు లోయ అంచున మేస్తోంది. ఆవిడ నోరు తెరిచింది. "రారండి రారండి" అని వచ్చింది. నోరు మూసుకుని, మళ్లీ తెరిచింది. మళ్లీ అదే. కంఠం పట్టుకుని నా వైపు తిరిగింది. ఆవిడ మొహంలో అంత భయం నేనెన్నడూ చూడలేదు.

"అల్లుడుగారూ, మన పిలుపు ఎలా ఉండేదండీ?"

నేను ప్రయత్నించాను. కమిటీ పిలిచింది అన్నాను. మా ఆవిడ ప్రయత్నించింది, కదలి రారండి అంది. పుట్టినప్పటి నుంచీ విన్న పాట ఇంట్లో ఎవరి నోటా లేదు.

అప్పుడు ఆవును తోలుకుపోదామని తాడుతో సంతకొచ్చిన పాలాయన, మా లౌడ్‌స్పీకర్లు వినపడని గుట్ట అవతల ఉండేవాడు కనుక, తనకొచ్చిన సగం ఎత్తుకున్నాడు. ఆవు చెవులు నిక్కించింది. వాలు దిగడం మొదలుపెట్టింది. పాట సగంలో ఆగింది. ఆవు కూడా సగం దారిలో ఆగి, మా వైపే చూస్తూ నిలబడింది.

"తరువాత ఏంటమ్మా?" అన్నాడు పాలాయన.

"వస్తోంది, వస్తోంది... ఉండు నాయనా, నాలిక చివరే ఉంది," అంటోంది ఆవిడ. అంతలో బహుమతి ప్రదానం కోసం గీతం మళ్లీ మోగింది. ఎక్కలేని ఆ మోకాళ్లు వాటంతటవే వేదిక వైపు తిరిగాయి. ఆవిడ విరగని గుంజ ఒకదాన్ని కావలించుకుంది.

"నీ చేతిలో తాడుందిగా, నన్ను దీనికి కట్టెయ్యి. నేను పోతే అది పోతుంది," అంది.

అతను కట్టాడు. ఆవు కోసం తెచ్చుకున్న పలుపుతాడే. మేమంతా క్రమశిక్షణతో వెళ్లి వరుసలో నిలబడ్డాం. వెనక్కి తిరిగి చూస్తే మంచులో గుంజ కనపడలేదు. ఆ సగం పాట మాత్రం మళ్లీ మళ్లీ వినపడుతోంది, ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతూ.

వచ్చే ఏడు పశువులు లేకుండానే సంత జరపాలని కమిటీ తీర్మానించింది. పిలిస్తే జనమే వస్తున్నారు కదా. ఆవు ఇంకా అక్కడే నిలబడి ఉంది, అత్తగారూ అక్కడే ఉంది. అందుకని కమిటీకి చెప్పకుండా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఏ ఇంటి పిలుపు తోక దొరికినా ఆవిడకు మా ఇంటిదీ గుర్తురావచ్చు. చిన్నప్పుడు చీకటి పడుతుంటే మిమ్మల్ని ఇంట్లోకి పిలిచిన గొంతు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని ఒక్కసారి అందుకోండి.

ఏదీ, పైకి అనండి. నోట్లోకి ఏది వచ్చింది?