హాజెల్‌బాఖ్ స్టేషను ప్రారంభోత్సవం

మెల్కియోర్ సుంబ్రున్ గారికి ప్రజాసేవ తప్ప మరో వ్యసనం లేదని ఆయన శత్రువులు కూడా ఒప్పుకునేవారు. మిత్రులే కాస్త తటపటాయించేవారు.

రాజకీయాల్లోకి వచ్చిన కొత్తలో ఆయన రైలుకు బద్ధశత్రువు. రైలు పొగ తగిలితే ఆవుల పాలు పొదుగులోనే విరిగిపోతాయని చర్చి ముందు ఆయన చేసిన ప్రసంగానికి హాజెల్‌బాఖ్ లోయ దద్దరిల్లింది. ఆ వసంతంలో ఎన్నికల సభ జరిగినప్పుడు మగవాళ్ళు చేతులెత్తి ఆయన్ని మంత్రిని చేశారు. మరుసటేడు రైలు కంపెనీ ఆయన్ని డైరెక్టరును చేసింది. ఆ కుర్చీలో కూర్చుని శాస్త్రాలు మళ్ళీ తిరగేస్తే, పొగవల్ల పాలు చిక్కబడతాయని తేలింది. సత్యాన్వేషికి అభిప్రాయం మార్చుకోవడం నామోషీ కాదు.

రైలుమార్గాలకు అనుమతులిచ్చే సంఘానికి కూడా ఆయనే అధ్యక్షులు. కాబట్టి డైరెక్టరు సుంబ్రున్ గారు అధ్యక్షులు సుంబ్రున్ గారికి దరఖాస్తు పెట్టుకున్నారు. బల్లకు ఈ పక్కన కూర్చుని రాసి, ఆ పక్కకు వెళ్ళి చదివారు. ఇందులో పక్షపాతం ఉందనేవారు ఒక్క సంగతి గమనించాలి: స్టాంపు వంకరగా అంటించారని మొదటి దరఖాస్తును ఆయన నిర్దాక్షిణ్యంగా తిప్పికొట్టారు. డైరెక్టరుగా ఆయన మనసు రెండు రోజులు నొచ్చుకుంది కూడా.

అనుమతి వచ్చింది గాని, దారికి వెరేనా అనే ముసలమ్మ గడ్డినేల అడ్డొచ్చింది. ఆమె చీజు చేసి బతుకుతుంది. ఎనిమిది ఆవులకు చలికాలపు మేత ఆ నేలదే. చిన్నప్పుడు తన ముక్కు తుడిచిన మనిషి కనుక మంత్రిగారు స్వయంగా వెళ్ళారు.

"డబ్బు నాకెందుకురా మెల్కీ," అందామె చక్రంలాంటి చీజు దిమ్మకు ఉప్పు రుద్దుతూ. "వీటిని సంతకు చేర్చాలంటే గాడిద వెంట తెల్లారి బయల్దేరితే పొద్దుగూకుతోంది. నా నడుం ఇంక పనికిరాదు. మనూళ్ళో స్టేషను కట్టించు, నేల ఊరికే రాసిస్తా."

"కట్టిస్తాను పెద్దమ్మా. నా మాట రాతిమీద గీత."

"రాయీ వద్దు ఏమీ వద్దు. కాగితం మీద గియ్యి."

గీశారు. ఆమె నేల రాసిచ్చింది.

తర్వాత ఇంజనీర్లు మళ్ళీ కొలిచారు. ఏటి అవతల, సరిగ్గా మంత్రిగారి బావమరిది కొత్త హోటలు ఎదుట, నేల రైలుపట్టాలకు మరింత అనువుగా ఉందని తేలింది. ప్రకృతి విచిత్రాలు ఎన్నని చెప్పగలం. రైలు అటే పోయింది. అయినా సుంబ్రున్ గారు మాట తప్పే మనిషి కారు. వెరేనా నేలలో స్టేషను కట్టించి తీరారు: పెద్ద గడియారం, ఇత్తడి గంట, మొదటి తరగతివారికి వేరే గది, ఊరి పేరుతో నీలం పలక. పట్టాలొక్కటే లేవు.

ప్రారంభోత్సవానికి బాజాలు మోగాయి. స్టేషను మాస్టరు పచ్చజెండా ఊపాడు. "నేటితో హాజెల్‌బాఖ్ ప్రపంచపటంలోకెక్కింది," అని మంత్రిగారు ప్రసంగం అందుకున్నారు.

"బండేదిరా?" అంది వెరేనా ముందువరుసలోంచి.

ఆమె తన ముక్కు తుడిచి చాలా ఏళ్ళయింది గాని, మంత్రిగారికి ఆ చూపంటే ఇప్పటికీ భయమే.

"పెద్దమ్మా, కాగితంలో మీరడిగింది స్టేషను. రైలు సంగతి అనుమతుల సంఘం పరిశీలనలో ఉంది. ఆ అధ్యక్షుణ్ణి నేను గట్టిగా నిలదీస్తాను."

జనం చప్పట్లు కొట్టారు. అధికారంలో ఉన్నవాణ్ణి నిలదీసే దమ్ము ఎందరికుంటుంది?

మేత చాలక ఆ చలికాలం వెరేనా నాలుగు ఆవుల్ని అమ్ముకుంది.

వసంతంలో మళ్ళీ ఎన్నికల సభ. ఆడవాళ్ళకు ఓటు లేదు కాబట్టి ఆమె సభ చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి చూసింది. కిందటిసారికన్నా ఎక్కువ చేతులు లేచాయి. అన్నిటికన్నా ఎత్తున లేచింది కమ్మరి యోస్ట్ చెయ్యి. అతను ఆమె సొంత అల్లుడు.

"ఏం చూసి ఎత్తావు నాయనా?" అని దారిలో అడిగింది. "నేలా పోయె, రైలూ రాకపోయె."

"రైలుదేముంది అత్తయ్యా, ఇవాళ కాకపోతే రేపు," అన్నాడు యోస్ట్ తృప్తిగా. "పక్క లోయవాళ్ళకు స్టేషను కూడా లేదు. మనల్ని చూసి ఎలా ఏడుస్తున్నారో మీరు చూడాలి."

ఈ జవాబులో తర్కం అందనివారు దయచేసి తమ సొంత నియోజకవర్గంలో విచారించుకోగలరు.